మెషిన్ కాదు, కెమిస్ట్రీ నేర్పించండి

వికారాబాద్, తాండూరు వైపు నుంచి కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఒకటే మాట అంటారు: "కంప్యూటర్ సైన్స్‌లో సీటు రాకపోతే మావాడు బీఎస్సీలో చేరాల్సి వస్తుంది సార్." ఏదీ దొరకనివాళ్ల చదువే బీఎస్సీ అన్న ఈ అపోహ మన పిల్లలకు అన్యాయం చేస్తోంది.

బీఎస్సీ ఎందుకు పనికొస్తుందో తెలియాలంటే మీ ఊరి నేలనే చూడండి. తాండూరు నాపరాయి భీమా బేసిన్ సున్నపురాయి. అదే బేసిన్‌లో, సరిహద్దు దాటి కర్ణాటకలోని గోగి దగ్గర అణు ఖనిజ డైరెక్టరేట్ యురేనియం నిక్షేపాన్ని కనిపెట్టింది. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. అక్కడి నల్లరేగడి మట్టిలోని ఖనిజాలు ఆ కంది ప్రత్యేకతకు ఒక కారణమని చెబుతారు. రాయిలో, మట్టిలో, రక్తకణంలో ఏ మూలకం ఎంత ఉందో లెక్క తేల్చడం ఒక వృత్తి. దానికి వాడే ప్రధాన పరికరాల్లో ఒకటి ఐసీపీ-ఎంఎస్, అంటే ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమీటర్.

సూర్యుడి ఉపరితలం కన్నా వేడిగా ఉండే ఆర్గాన్ ప్లాస్మాలోకి నమూనాను పంపితే అది అయాన్లుగా విడిపోతుంది. వాటిని బరువును బట్టి వేరుచేసి లెక్కిస్తారు. లీటరు నీటిలో నానోగ్రాముల్లో ఉన్న లోహమూ దొరికిపోతుంది. లేజర్‌తో జిర్కాన్ స్ఫటికంపై వెంట్రుక మందం కన్నా చిన్న చుక్కను ఆవిరి చేసి, అందులోని యురేనియం, సీసం నిష్పత్తితో రాతి వయసు చెబుతారు. యాంటీబాడీలకు అరుదైన లోహాలు తగిలించి, కణాలను ఒక్కొక్కటిగా ప్లాస్మాలోకి పంపే మాస్ సైటోమెట్రీ కూడా దీని నుంచి పుట్టిందే.

మీట నొక్కితే జవాబు వస్తుందనుకోవద్దు. ఆర్సెనిక్ ద్రవ్యరాశి 75. ఉప్పు నీటి నమూనాలోని క్లోరిన్ 35, ప్లాస్మాలోని ఆర్గాన్ 40 అతుక్కుంటే అదీ 75 అవుతుంది. లేని ఆర్సెనిక్ ఉన్నట్టు స్క్రీన్ మీద కనిపిస్తుంది. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములే పరిమితి కాబట్టి ఆ పొరపాటుతో మంచి బోరును మూసేయించవచ్చు. దాన్ని పసిగట్టేది కెమిస్ట్రీ గట్టిగా చదివిన మనిషే.

అందుకే రెండు ఉచ్చుల గురించి గట్టిగా హెచ్చరిస్తున్నాను. మొదటిది, ఇంజినీరింగ్ ఇష్టం లేని పిల్లను లక్షలు పోసి హైదరాబాద్ రెసిడెన్షియల్ కాలేజీలో పడేయడం, ర్యాంకు రాకపోతే లాంగ్‌టర్మ్, ఆ తర్వాత మేనేజ్‌మెంట్ కోటా. పొలం అమ్మి కొన్న సీటు బరువును పదిహేడేళ్ల పిల్ల మోయాలా? "మీకోసమే కదా ఇంత ఖర్చు పెట్టాం" అనే మాట ఇంట్లో రోజూ వింటూ ఏ పిల్లా చదవలేదు.

రెండోది, డిగ్రీ అయ్యాక "మూడు నెలల్లో ఫార్మా ల్యాబ్ ఉద్యోగం" అనే సర్టిఫికెట్ కోర్సు. ఐసీపీ-ఎంఎస్ ఖరీదు కోటి రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. నడిచినంతసేపూ నిమిషానికి పదిహేను లీటర్లకు పైగా ఆర్గాన్ తాగుతుంది. అద్దె గదిలో నడిచే ఇన్‌స్టిట్యూట్‌లో అది ఉంటుందా? స్లైడ్లు చూపించి వేలకు వేలు తీసుకుంటారు. డబ్బు కట్టేముందు మెషిన్ ఎక్కడుందో చూపించమనండి. అనుభవం ఉన్నట్టు దొంగ సర్టిఫికెట్ ఇస్తామంటే వెంటనే బయటికి వచ్చేయండి.

ఈ వృత్తికి అర్హతలు మామూలే: ఇంటర్ తర్వాత దోస్త్ (ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాలు) ద్వారా కెమిస్ట్రీ లేదా జియాలజీ ఉన్న బీఎస్సీ, సీపీగెట్ లేదా ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్షతో ఎమ్మెస్సీ, పరిశోధనకు నెట్ లేదా గేట్.

నా ఓటు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీకి, యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి. పనికొచ్చే ల్యాబులు మనకు దగ్గరే. హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో డాక్టర్ వి. బలరాం బృందం 1990లలోనే ఐసీపీ-ఎంఎస్‌తో రాళ్లను విశ్లేషించింది. పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, బేగంపేటలో అణు ఖనిజ డైరెక్టరేట్ ఉన్నాయి. మందుల్లోని 24 మూలకాలకు పరిమితులు పెట్టిన అంతర్జాతీయ మార్గదర్శకం అమలయ్యాక ఫార్మా కంపెనీలకూ ఈ నైపుణ్యం అవసరమైంది. జియోలాజికల్ సర్వేలో కెమిస్ట్ పోస్టులకు యూపీఎస్సీ పరీక్ష ఉంది.

అయితే మొదటి ఏడాదే సాఫ్ట్‌వేర్ జీతం ఆశించకండి. పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలు అందుతాయి, కానీ పీహెచ్‌డీకి ఐదేళ్ల ఓపిక కావాలి. నత్రికామ్లంతో, ఎముక దాకా కాల్చే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో జాగ్రత్తగా పనిచేసే స్వభావం ఉండాలి. అది లేని పిల్లలను ఇటు కూడా తోయకండి.

సెప్టెంబరు 26 శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) వ్యవస్థాపక దినం. ఆ సందర్భంగా ఎన్‌జీఆర్‌ఐ లాంటి సీఎస్‌ఐఆర్ ల్యాబులు విద్యార్థులను లోపలికి రానిస్తాయి. కోచింగ్ అడ్వాన్స్ కట్టేముందు మీ అమ్మాయినో అబ్బాయినో ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. ఆ పని చూసి వాళ్లు ఏమంటారో వినండి. విన్నాకే సంతకం పెట్టండి.