మన వంక ఆరోగ్యం – పురుగులు చెప్పే సాక్ష్యం



వంకలో నీళ్లు తేటగా కనబడితే చాలు, మంచివనుకుంటాం. కానీ తేటగా ఉన్నవన్నీ మంచివి కావు, ఎర్రగా ఉన్నవన్నీ చెడ్డవీ కావు. వాన పడిన మర్నాడు ఏ వంకైనా ఎర్రగానే పారుతుంది. మరి నీటి ఆరోగ్యం తెలిసేదెట్లా? ఆ నీళ్లలోనే పుట్టి పెరిగే ప్రాణులను అడగాలి. వీటినే జీవ సూచికలు అంటారు.

పురుగులనే ఎందుకు అడగాలి?

సీసాలో పట్టిన నీళ్లు ఆ పూట సంగతే చెబుతాయి. రాత్రి వదిలిన మురికి తెల్లారేసరికి కొట్టుకుపోవచ్చు. రాయి కింద వారాల తరబడి బతికే పురుగు మాత్రం అన్నీ భరించాల్సిందే. మురికిని తినే బాక్టీరియా పెరిగితే నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గిపోతుంది. అప్పుడు సుకుమారమైన పురుగులు ముందుగా చస్తాయి, మొండివి మిగులుతాయి.

జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే శాస్త్రవేత్తలు 1908, 1909లలోనే ఈ పద్ధతిని వివరించారు. తర్వాత బ్రిటన్‌లో పురుగుల కుటుంబాలకు 1 నుంచి 10 వరకు మార్కులు వేశారు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా అదే పద్ధతిని మన నదులకు తగినట్లు మార్చుకుంది.

ఎవరు ఏమి చెబుతారు?

1. మంచి నీళ్లు: మేఫ్లై పిల్ల (పొట్ట పక్కల మొప్పలు, వెనక సాధారణంగా మూడు సన్నని తోకలు). ఇసుక గింజలతో గూడు కట్టుకునే క్యాడిస్ పురుగు.
2. మధ్యరకం: తూనీగ పిల్లలు, నీటి పేడపురుగులు, నత్తలు.
3. చెడిన నీళ్లు: బురదలో ఎర్రపురుగులు. వీటి రక్తంలో మనకు మాదిరే హీమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే తక్కువ ఆక్సిజన్‌లోనూ బతుకుతాయి. దోమ పిల్లలు పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి, కాబట్టి వాటికీ ఇబ్బంది లేదు.

మన సీమలో జాగ్రత్త

పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు ఇక్కడ పనికిరాదు. మన అనంతపురం సీమలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే. పెన్న, చిత్రావతి కూడా ఎక్కువ నెలలు ఇసుకే. నీళ్లు మడుగులుగా మిగిలి వేడెక్కితే, మురికి లేకపోయినా ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. కాబట్టి మే నెలలో మేఫ్లై లేదని వంకను నిందించకూడదు. ఒకే రోజు, ఒకే వంకలో, ఎగువ ఒకచోట, దిగువ ఒకచోట చూసి పోల్చాలి.

మేము చూసింది

పోయిన అక్టోబరులో వంక పారినప్పుడు మేము నలుగురం సైన్సు సారుతో పోయినాము. పాత జల్లెడను పారే నీటికి అడ్డంగా పట్టి, దాని ముందున్న రాళ్లు కదిలించి, పడినవాటిని తెల్ల పళ్లెంలో పోసి చూసినాము. మనం బట్టలుతికే బండకు ఎగువన ఏడు రకాలు, అందులో మేఫ్లై కూడా ఉంది. మన హాస్టలు మురుగుకాలువ కలిసేచోటికి దిగువన రెండే రకాలు: ఎర్రపురుగులు, దోమ పిల్లలు. రెండుచోట్లా ఎండ ఒకటే, వాన ఒకటే. తేడా మన నీళ్లదే. చూసినాక పురుగులన్నిటినీ తిరిగి వంకలో వదిలినాము.

ఆ దిగువనే తండావాళ్లు ఎండాకాలం చెలిమ తవ్వుకుని తాగుతారు. మనలో కొందరి ఇళ్లు అక్కడే.

మరవకూడనిది

పురుగులు అన్నీ చెప్పవు. మన బోరునీళ్లలో చాలాచోట్ల ఉండే ఫ్లోరైడ్ సంగతి వాటినడిగితే తెలియదు. రోగక్రిములకు కూడా పరీక్ష వేరే ఉంది. మేఫ్లై కనబడిందని వంకనీళ్లు కాచకుండా తాగవద్దు. వంక పారేటప్పుడు పెద్దవాళ్లు లేకుండా దిగవద్దు.

వార్డెన్ సార్‌కు మనవి: మురుగుకాలువను వంకలోకి పోకుండా అరటి గుంతల వైపు తిప్పించండి. గుంతలు తవ్వే పని మేమే చేస్తాము. వచ్చే అక్టోబరులో మళ్లీ జల్లెడ పడతాము. దిగువన ఎన్ని రకాలు తిరిగి వచ్చినాయో ఈ గోడమీదే రాస్తాము.

ఆలోచించండి: మీ ఊరి వంకలో రాయి ఎత్తితే ఏ పురుగు కనబడింది?

– 9వ తరగతి సైన్సు బృందం