ఆకాశం ఎప్పుడూ నీలంగానే ఉంటుందా?



ఒకసారి మీ పిల్లల డ్రాయింగ్ బుక్ తెరవండి. ‘సీనరీ’ పేజీలో రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కిందికి పారే ఏరు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు కనిపిస్తాయి. చిన్నప్పుడు మనమూ ఇదే వేశాం. ఆ కొండల్ని మనం చూసి వేయలేదు, పక్కవాళ్ల బొమ్మ చూసి వేశాం. చూసి వేస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఈ నెల కెనడా చిత్రకారుడు టామ్ థామ్సన్‌ను పరిచయం చేస్తున్నాం.

అడవికి వెళ్లిన ఉద్యోగి

థామ్సన్ 1877లో ఒంటారియో రాష్ట్రంలో పుట్టాడు. పెద్దగా ఆర్ట్ చదువు లేదు. టొరంటోలో ప్రకటనల డిజైన్లు చేసే ఉద్యోగం. 1912లో, 34 ఏళ్ల వయసులో, మొదటిసారి ఆల్గాన్‌క్విన్ పార్క్ అనే పెద్ద అడవికి వెళ్లాడు. ఆ తర్వాత ఏటా మంచు కరిగే రోజుల్లో అక్కడికే చేరేవాడు. డేరాలో ఉంటూ, చిన్న పడవలో సరస్సులు తిరిగేవాడు. చేపలు పట్టడానికి వచ్చేవారికి దారి చూపేవాడు. 1916లో అడవి మంటలను కనిపెట్టే ఉద్యోగమూ చేశాడు.

అతని రంగుల పెట్టెలో చిన్న చెక్క పలకలు ఉండేవి. మన ఏ4 పేపరు కంటే కాస్త చిన్నవి. వెలుతురు మారేలోగా అక్కడే కూర్చుని పలక మీద బొమ్మ వేసేవాడు. అలా వేసినవి దాదాపు 400. 1917 జులైలో ఆ పార్కులోని కనూ సరస్సులో మరణించేనాటికి అతని వయసు 39.

పలకల మీద రంగులు

థామ్సన్ వేసిన మంచు ఉత్త తెలుపు కాదు, దాని మీద నీడ నీలంగానో ఊదాగానో ఉంటుంది. ‘ది జాక్ పైన్’ అనే ప్రసిద్ధ చిత్రంలో సాయంకాలపు ఆకాశం పసుపు, లేత ఆకుపచ్చ కలిసిన పట్టీలుగా కనిపిస్తుంది. అవే రంగులు నీళ్లలోనూ ఉంటాయి. అడవిలో వేసిన చిన్న పలకను చూసి, శీతాకాలంలో టొరంటోలో దాన్ని పెద్దగా వేశాడు. ఇప్పుడది ఒట్టావాలోని నేషనల్ గ్యాలరీలో ఉంది.

చదువుతో సంబంధం ఏమిటి?

వర్షం గురించి ఇంగ్లీషులో ఒక పేరా రాయమంటే చాలామంది పిల్లలు ఆకాశం నల్లగా ఉంది, చెట్లు పచ్చగా ఉన్నాయి, అంతా అందంగా ఉంది అని రాస్తారు. గ్రామర్ తప్పులుండవు, మార్కులూ పడతాయి. కానీ అందులో వాళ్లు చూసిన వర్షం ఉండదు. సైన్స్ ల్యాబులోనూ ఇంతే. ఎదురుగా ఉన్నది వదిలేసి పుస్తకంలో ఉన్నది రాస్తారు. వీళ్లకు మాటలు తక్కువై కాదు, చూసే అలవాటు తక్కువై ఇలా జరుగుతోంది.

ఇంట్లో చేయించండి

1. బాల్కనీ నుంచో డాబా మీద నుంచో కనిపించే ఒక్క చెట్టును లేదా వాటర్ ట్యాంకును ఎంచుకోమనండి.

2. ఆదివారం ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం దాన్నే వేయమనండి. సగం ఏ4 పేపరు, క్రేయాన్లు, పది నిమిషాలు చాలు. స్కేలు, రబ్బరు వద్దు. ఫోన్లో ఫొటో తీసి చూసి వేయడమూ వద్దు.

3. ‘బాగుంది’ అని ఊరుకోకుండా అడగండి: నీడ ఏ రంగులో ఉంది? ఆకాశం పైన, కింద ఒకే రంగులో ఉందా?

4. ప్రతి బొమ్మ కింద తెలుగులో ఒక వాక్యం, ఇంగ్లీషులో ఒక వాక్యం రాయించండి. మూడింటినీ డ్రాయింగ్ బుక్‌లో అతికించి పంపండి.

వీటికి మార్కులు లేవు, ఏ బొమ్మ బాగుందనే పోటీ లేదు. మీ పాప ఆకాశానికి ఊదా రంగు వేస్తే వెంటనే సరిచేయకండి. ముందు మీరూ ఒకసారి బయటకు వెళ్లి ఆకాశం చూడండి.