దివ్యాంగుల పింఛను నెలకు ఎంతొస్తుంది? ఇంట్లోనే లెక్క తేల్చుకునే చిట్కాలు

ఇంట్లో దివ్యాంగుడైన బిడ్డో, పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దాయనో ఉంటే నెల ఖర్చు రాసుకునేటప్పుడు మొదట వచ్చే ప్రశ్న పింఛను ఎంత అనే. అడిగితే ఊళ్లో ఒక్కొక్కరూ ఒక్కో అంకె చెబుతారు. ఒకరు ఆరు వేలంటారు, ఇంకొకరు పదిహేను వేలంటారు, వైకల్య శాతాన్ని బట్టి ఉంటుందని మరొకరంటారు. ఆ మాటలు నమ్మి ముందే చేబదులు తెచ్చుకుని, తీరా పింఛను చేతికొచ్చాక సరిపోక అవస్థ పడే ఇళ్లు చాలా ఉన్నాయి. వైకల్య శాతం తెలిపే సదరం సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఆధార్, కరెంటు బిల్లు ముందు పెట్టుకుని కూర్చుంటే ఈ లెక్క అరగంటలో తేలిపోతుంది.

1. మొదట మీది ఏ రాష్ట్రం లెక్కో తేల్చుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. 2024 జూలై ముందు వరకూ అది 3,000 ఉండేది. తెలంగాణలో ఆసరా, ఇప్పటి పేరుతో చేయూత, కింద 4,016 రూపాయలు. 2023లో 3,016 నుంచి అక్కడికి పెంచారు. ఏడాదికి చూసుకుంటే ఆంధ్రలో 72,000, తెలంగాణలో 48,192. తెలంగాణలో దీన్ని 6,000 చేస్తామన్న ఎన్నికల హామీ ఉంది. పెంచిన మొత్తం నిజంగా చేతికి అందేదాకా ఇంటి లెక్కలో పాత అంకే వేసుకోండి. హైదరాబాద్‌లో పనిచేసుకుంటూ రేషన్ కార్డు మాత్రం శ్రీకాకుళంలోనో కర్నూలులోనో ఉన్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మీ కార్డు, పింఛను ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రేటే మీకు వర్తిస్తుంది. రెండు చోట్లా తీసుకోవడం కుదరదు.

2. శాతం పెరిగిన కొద్దీ డబ్బు పెరుగుతుందనుకోవద్దు. చాలామంది పొరపడేది ఇక్కడే. 40 శాతం అన్నది గుమ్మం. అది ఉంటే లోపలికొచ్చినట్టే, ఆ తర్వాత 45 అయినా 75 అయినా అదే మొత్తం. పక్కింటివాళ్ల అబ్బాయికి 50, మా అమ్మాయికి 70, మరి మాకెందుకు ఎక్కువ రాదని బాధపడే తల్లులుంటారు. ఆ బాధ న్యాయమైనదే. 70 శాతం వైకల్యం ఉన్న బిడ్డకు అయ్యే ఖర్చు వేరు. కానీ పింఛను లెక్క మాత్రం మెట్లు మెట్లుగా ఉంటుంది, శాతానికి ఇంత అని ఉండదు. తెలంగాణలో వినికిడి లోపానికి గుమ్మం 40 కాదు, 51 శాతం. అది గుర్తుపెట్టుకోండి.

పసిబిడ్డలకు రాదన్న మాట కూడా తప్పే. రెండు రాష్ట్రాల్లోనూ దివ్యాంగుల పింఛనుకు వయసు పట్టింపు లేదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న మూడేళ్ల పాపకైనా సర్టిఫికెట్ ఉండి, కుటుంబం అర్హతల్లో ఉంటే పింఛను అడగొచ్చు.

3. ఒకే మనిషికి రెండు రకాల వైకల్యాలుంటే రెండు శాతాలనూ నేరుగా కూడొద్దు. డాక్టర్లు కలిపే పద్ధతి వేరు. పెద్ద శాతాన్ని 90లోంచి తీసేస్తారు. మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగిస్తారు. వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. కాలికి 50, చూపుకు 40 ఉందనుకోండి. 90లో 50 పోతే 40. దాన్ని 40తో గుణిస్తే 1,600. 90తో భాగిస్తే 17.8. మొత్తం 67.8 శాతం అవుతుంది, 90 కాదు.

దీనివల్ల మేలు కూడా ఉంది. కాలికి 30, చెవికి 20 శాతమే ఉందనుకోండి. విడివిడిగా చూస్తే రెండూ 40 లోపే కాబట్టి ఏ పింఛనూ రాదని వదిలేస్తారు. కలిపి చూస్తే 90లో 30 పోగా 60, దాన్ని 20తో గుణిస్తే 1,200, 90తో భాగిస్తే 13.3. మొత్తం 43.3 శాతం. గుమ్మం దాటినట్టే! ఎముకల డాక్టరు ఒక్కరే చూసి సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తే ఇది బయటపడదు. సదరం క్యాంపుకు వెళ్లినప్పుడు రెండో ఇబ్బందిని కూడా నోరు తెరిచి చెప్పండి, పాత పరీక్షల కాగితాలు చూపించండి, రెండింటినీ కలిపి మదింపు చేయమని అడగండి.

4. ఆంధ్రలో 15,000 రూపాయల పింఛను ఎవరికో స్పష్టంగా తెలుసుకోండి. పక్షవాతంతోనో ప్రమాదంలో దెబ్బతినో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు, కండరాల క్షీణత తీవ్రంగా ఉన్నవాళ్లకు అది ఇస్తారు. సర్టిఫికెట్‌లో శాతం ఎక్కువ ఉన్నంత మాత్రాన అది రాదు. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడవగలిగితే 6,000తోనే లెక్క వేసుకోవడం మంచిది. డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకు, తలసీమియా బాధితులకు వేరే మెట్టు ఉంది, అది 10,000. వాళ్లు దివ్యాంగుల వరుసలో దరఖాస్తు పెట్టి 4,000 పోగొట్టుకోకుండా ముందే గ్రామ, వార్డు సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడగాలి.

5. సర్టిఫికెట్ మీద తాత్కాలికం అని ఉందో శాశ్వతం అని ఉందో చూడండి. తాత్కాలికం అయితే దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీని గోడ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాసి, దానికి మూడు నెలల ముందు మరో గుర్తు పెట్టుకోండి. మీసేవలోనో సచివాలయంలోనో స్లాట్ దొరకడానికి, డాక్టరు చూడడానికి, కొత్త కాగితం రావడానికి ఆ వ్యవధి కావాలి. గడువు దాటిన తర్వాతి నెలల పింఛనును ఖాయమైన ఆదాయంగా రాసుకోవద్దు.

శాశ్వత సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కూడా పూర్తిగా నిశ్చింతగా ఉండే వీల్లేకపోయింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో సర్టిఫికెట్లను మళ్లీ పరిశీలించారు. శాతం తగ్గిందని చాలామందికి నోటీసులు వెళ్లాయి. కొందరికి పింఛను ఆపుతామని, 15,000 అందుకుంటున్న మరికొందరికి 6,000కు తగ్గిస్తామని చెప్పారు. అప్పీలు చేసుకునే అవకాశమూ ఇచ్చారు. నోటీసు వస్తే భయపడి ఊరుకోవద్దు. పెద్దాసుపత్రి రిపోర్టులు, పాత స్కాన్‌లు, మందుల చీటీలు అన్నీ ఒక ఫైలులో పెట్టి గడువులోగా అప్పీలు వేయండి. నోటీసు చదవలేని, ఆఫీసుకు నడిచి వెళ్లలేని మనిషి తరఫున ఇంట్లోవాళ్లు తిరగడం వాళ్ల బాధ్యత.

6. ఇంటి అర్హతలు ఒకసారి సరిచూసుకోండి. మనిషి వైకల్యం ఎంతైనా, లెక్క కుటుంబం మీద ఆగిపోవచ్చు. ఆంధ్రలో కుటుంబ ఆదాయం నెలకు పల్లెలో 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ కలిపితే పదెకరాలు మించకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, సర్కారు పెన్షనరు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఉంది. కారు ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫర్వాలేదు. తెలంగాణలో భూమి హద్దు మాగాణి మూడెకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు.

వీటన్నిటిలో ఎక్కువ తంటా తెచ్చేది కరెంటు మీటరే. ఆంధ్రలో వాడకం నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు. ఇంటి యజమానికి రెండు మూడు పోర్షన్లుండి, మీటర్లన్నీ ఆయన ఆధార్‌కే కలిపి ఉంటే, అద్దెకున్నవాళ్ల యూనిట్లు కూడా ఆయన ఖాతాలోనే పడతాయి. ఆ ఇంట్లో దివ్యాంగుడైన కొడుకు ఉంటే పింఛను అక్కడే ఆగిపోతుంది. బిల్లు మీద సర్వీసు నంబరు చూసుకుని, అది ఏ ఆధార్‌కు కలిసి ఉందో సచివాలయంలో అడిగి, తప్పుంటే విద్యుత్ ఆఫీసులో సరి చేయించుకోండి. చిన్న దిద్దుబాటే అయినా ఏడాదికి 72,000 రూపాయల తేడా పడుతుంది.

7. ఒక మనిషికి ఒకే పింఛను. వితంతువు, దివ్యాంగురాలు రెండూ అయినప్పుడు పెద్ద మొత్తం ఏదో అది ఎంచుకోవాలి. ఆంధ్రలో వితంతు, వృద్ధాప్య పింఛను 4,000, తెలంగాణలో 2,016. రెండు చోట్లా దివ్యాంగుల వరుసకు మారితే నెలకు 2,000 పెరుగుతుంది. వృద్ధాప్య పింఛను తీసుకుంటున్న తాతగారికి పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోతే, పాత 4,000తోనే ఏళ్లు గడిపేసే ఇళ్లు కనిపిస్తాయి. ఆయనకు సదరం పరీక్ష చేయించి వరుస మార్పించండి. కుటుంబానికి ఒకే పింఛను అన్న నిబంధన ఉన్నా తీవ్ర వైకల్యానికీ, దీర్ఘకాలిక జబ్బులకూ మినహాయింపులున్నాయి. మీ ఇంటికి అది వర్తిస్తుందో లేదో అడగకుండానే వదులుకోవద్దు.

8. కేంద్రం ఇచ్చే మొత్తాన్ని విడిగా కలపొద్దు. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను కింద 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పేదలకు 18 ఏళ్ల నుంచి 79 ఏళ్ల దాకా నెలకు 300, ఆ తర్వాత 500 రూపాయలు కేంద్రం వాటా. అది రాష్ట్రం ఇచ్చే మొత్తంలోనే కలిసి వస్తుంది. 6,000కు మరో 300 కలిపి రాసుకుంటే నెలాఖరుకు లెక్క తప్పుతుంది.

9. ఉద్యోగస్తుల ఇళ్లలో లెక్క వేరుగా ఉంటుంది. పింఛను రాకపోయినా, పాత పన్ను విధానంలో దివ్యాంగులకు, వాళ్లను పోషించేవాళ్లకు ఆదాయంలోంచి 75,000 రూపాయల తగ్గింపు ఉంది. 80 శాతం, ఆపైన అయితే 1,25,000. 20 శాతం పన్ను పడే ఉద్యోగికి 75,000 మీద 15,000, సెస్సు 600 కలిపి ఏడాదికి 15,600 మిగులుతుంది. నెలకు 1,300. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే ఇది పోతుంది. ఆంధ్రలో పన్ను కట్టే ఇంటికి పింఛను రాదు గనుక ఈ 1,300ను 6,000కు కలిపి చూసుకోకండి.

10. రాయితీలను వేరే గడిలో రాయండి. నోట్‌బుక్‌లో రెండు గడులు గీయండి. ఒకటి చేతికొచ్చేది, రెండోది మిగిలేది. పింఛను మొదటిదాంట్లోకి, బస్సు, రైలు రాయితీలు రెండోదాంట్లోకి. పోలియోతో కాలు సన్నబడ్డ ఒక టైలరు వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్తాడనుకోండి. రానూపోనూ బస్సు 80 రూపాయలైతే నెలకు ఎనిమిదిసార్లకు 640. ఆర్టీసీలో సగం ఛార్జీ పాసుతో 320 మిగులుతుంది. మొదటి గడిలో 6,000, రెండో గడిలో 320. చీటీ పాట, అప్పు వాయిదా ఏదైనా మొదటి గడిని చూసే ఒప్పుకోవాలి, రెండో గడిలోది నోట్ల రూపంలో కనబడదు గనుక. ఆడవాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి వాళ్ల లెక్కలో ఆ బస్సుల దగ్గర పాసు వల్ల కొత్తగా మిగిలేది ఉండదు. రైల్లో తోడు లేకుండా వెళ్లలేని దివ్యాంగులకు, అంధులకు, మానసిక వైకల్యం ఉన్నవాళ్లకు స్లీపరు తరగతిలో 75 శాతం దాకా తగ్గింపు ఉంది, తోడు వెళ్లేవాళ్లకూ అదే. దానికి రైల్వే వాళ్ల కార్డు విడిగా చేయించుకోవాలి.

11. దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ రంగు చూస్తే వైకల్య శాతం సుమారుగా తెలుస్తుంది. తెలుపు 40 లోపు, పసుపు 40 నుంచి 80 లోపు, నీలం 80, ఆపైన.

12. డబ్బు ఏ రోజు వస్తుందో రాసుకోండి. ఆంధ్రలో ఒకటో తారీకున సచివాలయం ఉద్యోగులు ఇంటికి తెచ్చిస్తారు. ఒకటో తారీకు సెలవైతే ముందు రోజే ఇస్తారు. ఊరెళ్లి రెండు నెలలు తీసుకోలేకపోతే మూడో నెలలో మొత్తం కలిపి ఇచ్చే ఏర్పాటు ఉంది. మూడో నెల కూడా తప్పితే పింఛను ఆగిపోతుంది. వలస పనికి వెళ్లే కుటుంబాలు దివ్యాంగులను వెంట తీసుకెళ్తే ఈ మూడు నెలల హద్దును ప్రయాణం రోజే లెక్కపెట్టుకోవాలి. తెలంగాణలో పోస్టాఫీసులోనో బ్యాంకు ఖాతాలోనో పడుతుంది. కచ్చితమైన తారీకు మీద ఆధారపడి పాలవాడికి, అద్దెకు మాటివ్వకండి. కొత్తగా దరఖాస్తు పెట్టినవాళ్లు మంజూరు కాగితం చూసేదాకా నోట్‌బుక్‌లో చేతికొచ్చే గడిలో సున్నాయే రాయండి.

13. పింఛను ఆ మనిషిది. ఇంటి ఖర్చులో కలిసిపోయినా, మందులు, డైపర్లు, చెవి మిషన్ బ్యాటరీలు, చక్రాల కుర్చీ టైరు వంటి ఆయన సొంత ఖర్చు ముందు తీసి పక్కన పెట్టాకే మిగిలింది ఇంటికి వాడండి. మాట్లాడగలిగిన మనిషైతే ఈ నెల ఏం కావాలో ఆయన్నే అడగండి.

14. లెక్క ప్రకారం రావలసింది ఒకటి, వస్తున్నది ఒకటి అయితే కారణం కాగితం మీద రాసివ్వమని అడగండి. నోటిమాటతో తిరిగి రావద్దు. సోమవారాల్లో కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. సదరం సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు, పింఛను ఐడీ ఒక్కోటి రెండేసి జిరాక్సులు తీసుకెళ్లండి. అర్జీలో ఏ నెల నుంచి ఎంత తక్కువ వచ్చిందో అంకెల్లో రాయండి. అర్జీ నంబరు ఉన్న రసీదు చేతికిచ్చేదాకా అక్కడి నుంచి కదలొద్దు.