గిట్‌కి టెర్మినల్‌లో ఏది వాడాలి?

ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లి పనిచేసేవాళ్లకు మౌసుతో నడిచే గిట్ సాఫ్ట్‌వేర్లు అక్కరకు రావు. అలాగని ప్రతిదానికీ కమాండ్లు కొడుతూ కూర్చోవాలన్నా విసుగే. అలాంటివాళ్ల కోసమే టెర్మినల్‌లో నడిచే టిగ్, లేజీగిట్, గిట్‌యుఐ ఉన్నాయి. ఈమాక్స్ వాడేవాళ్లకు మ్యాగిట్ ఉంది, ఎవరెంత చెప్పినా వాళ్లు ఇంకోటి ముట్టరు.

ఏది మంచిదని అడిగేముందు మీ టైమ్ దేనికి పోతోందో చూసుకోండి. ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్ చదవడానికే పోతుంటే టిగ్ చాలు. 2006 నుంచీ ఉన్నదే, ఉబుంటులో ఆప్ట్‌తో వచ్చేస్తుంది. ‘టిగ్ బ్లేమ్’ అని ఫైలు పేరు ఇస్తే ప్రతి లైనూ ఎవరు, ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది. తీరా చూస్తే ఆ చివరి కమిట్‌లో స్పేసులు సర్దడం తప్ప ఏమీ ఉండదు. అప్పుడు కామా నొక్కండి, అంతకుముందు ఆ ఫైలు ఎలా ఉందో చూపిస్తుంది. అలా వెనక్కి పోతూ అసలు మార్పు చేసిందెవరో పట్టుకోవచ్చు.

రోజంతా కోడ్ రాసేవాళ్లకు నా ఓటు లేజీగిట్‌కే. ఒకే ఫైల్లో బగ్ ఫిక్స్ ఉంది, పక్కనే డీబగ్గింగ్ కోసం పెట్టిన ప్రింట్ లైనూ ఉందనుకోండి. ఫైలు మీద ఎంటర్ కొట్టి, కావలసిన లైన్ల మీద మాత్రమే స్పేస్ నొక్కి కమిట్ చేయొచ్చు. రివ్యూకి పంపేముందు చిల్లర కమిట్లను ‘ఎస్’ నొక్కి కిందిదాంట్లో కలిపేయొచ్చు. వెనకాల నడిచే గిట్ కమాండ్లు కూడా ఓ మూల కనిపిస్తుంటాయి. కొత్తగా చేరినవాళ్లు వాటిని గమనిస్తే సగం గిట్ వచ్చేస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఫైళ్ల జాబితాలో ‘డి’ నొక్కి ఓకే అన్నారంటే ఆ మార్పులు పోయినట్టే. అండూ కోసం ‘జెడ్’ ఉన్నా, అది కమిట్ చేయని పనిని తిరిగి తేలేదు.

గిట్‌యుఐ రస్ట్‌లో రాసింది, వేగం దాని గొప్ప. 9 లక్షలకు పైగా కమిట్లున్న లైనక్స్ రిపోను గిట్‌యుఐ 24 సెకన్లలో, లేజీగిట్ 57 సెకన్లలో చదివాయని, టిగ్‌కి 4 నిమిషాల 20 సెకన్లు పట్టిందని గిట్‌యుఐని తయారుచేసినవాళ్లే లెక్క చూపించారు. సొంత డబ్బా అనుకున్నా, తేడా చిన్నది కాదు. అయితే మామూలు ఆఫీసు ప్రాజెక్టులో అది మీకు తెలిసే అవకాశం తక్కువ.

ప్రొడక్షన్ సర్వర్లో ఇవేవీ ఇన్‌స్టాల్ చేయనివ్వకపోవచ్చు. ఇంటర్వ్యూలో రీబేస్‌కీ మెర్జ్‌కీ తేడా అడుగుతారు కానీ లేజీగిట్ షార్ట్‌కట్లు అడగరు. అందుకని ‘గిట్ యాడ్ -పి’, ‘గిట్ రెఫ్‌లాగ్’ చేతికి అలవాటై ఉండాలి. సొంత ల్యాప్‌టాప్‌లో లేజీగిట్, వీలున్న సర్వర్లో టిగ్ పెట్టుకోండి. ప్రాక్టీస్ మాత్రం ఆఫీసు బ్రాంచ్ మీద వద్దు, పాత ప్రాజెక్టు ఏదైనా క్లోన్ చేసుకుని దాని మీద చేయండి.