తేనెపిట్టకు మనం ఏం పెట్టాలి? ఎప్పుడు పెట్టాలి?

కిందటి మార్చిలో మా క్వార్టర్స్ పిల్లలం ఎర్ర మూత సీసాలో చక్కెర నీళ్లు పోసి బాల్కనీలో వేలాడదీశాం. హమ్మింగ్ బర్డ్ వస్తుందని మా ఆశ! రెండు రోజుల్లో చీమలు పట్టాయి, నీళ్లు పులిసిపోయాయి. పక్షి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో తరువాత చదివి తెలుసుకున్నాం.

హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. వాటిలో కొన్ని రకాలు చలికాలంలో వెచ్చని చోట్లకు వలస వెళ్లి, వసంతంలో తిరిగి వస్తాయి. అవి రావడానికి వారం రెండు వారాల ముందే అక్కడివాళ్లు నాలుగు వంతుల నీళ్లలో ఒక వంతు చక్కెర కలిపి పెడతారు.

మన సూరత్‌లో మందార పూల దగ్గర కనిపించే చిన్న పిట్ట వేరు. అది తేనెపిట్ట. గుజరాతీలో దాన్ని శక్కర్‌ఖోరో అంటారు. ఊదా తేనెపిట్టల్లో మగది గూడు కట్టే కాలంలో నీలంగా, ఊదాగా మెరుస్తుంది. ఆ కాలం దాటాక దాని పొట్ట పసుపు రంగుకు మారి, మధ్యలో నల్లటి చార మిగులుతుంది. ఆడది సాలెగూటి దారాలతో సంచిలాంటి గూడు అల్లుతుంది. పిల్లలకు పురుగులు, సాలీళ్లు తెచ్చి పెడుతుంది. అంటే చక్కెర నీళ్లతో దాని సంసారం సాగదు! పైగా అది ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. మరి మన సాయం దానికి ఎప్పుడు కావాలి?

జనవరిలో: ఉత్తరాయణం పతంగుల మాంజా కొమ్మలకు చిక్కుకుని పక్షుల రెక్కలు కోస్తుంది. చేతికందే దారాలను పెద్దల సాయంతో తీసేయాలి. గాయపడ్డ పక్షుల కోసం గుజరాత్ ప్రభుత్వం ఆ రోజుల్లో 'కరుణా అభియాన్' నడుపుతుంది.

మార్చి నుంచి వానలు పడేదాకా: లోతు తక్కువ ఉన్న మట్టి మూకుడులో నీళ్లు పోసి నీడలో పెట్టాలి. చిన్న పిట్ట నిలబడటానికి అందులో ఒక రాయి వేయాలి. దోమలు పెరగకుండా రోజూ నీళ్లు మార్చాలి. మార్చి 20 ప్రపంచ పిచ్చుకల దినోత్సవం కదా, ఆ రోజే మొదలుపెడితే గుర్తుంటుంది.

జూన్ చివర, జులైలో: వానలు పడగానే మందారం, నూరువరహాలు, దానిమ్మ నాటాలి. పురుగుమందు చల్లకూడదు.

ఇక మన ఇళ్లలో ఉండే చిక్కు ఒకటి ఉంది. చాలామందికి బదిలీ ఉత్తర్వులు సరిగ్గా ఎండాకాలంలోనే వస్తాయి. మూకుడుకు అలవాటుపడిన పిట్టకు మనం ఊరు మారిన సంగతి ఏం తెలుసు? మే నెలలో మాలో ఒకరు విశాఖపట్నం వెళ్లిపోతూ తమ మూకుడును కింది ఇంటి ఒడియా తమ్ముడి చేతికి ఇచ్చి, రాయి ఎక్కడ పెట్టాలో కూడా చూపించారు. మిగిలినవాళ్లం జులైలో మందార కొమ్మ నాటాం.

అది పూసేనాటికి మాలో ఎంతమంది ఇక్కడ ఉంటామో తెలియదు. పిట్ట మాత్రం ఇక్కడే ఉంటుంది. మీరూ సామాను సర్దేటప్పుడు మూకుడును అటక మీద పెట్టకండి, ఎవరో ఒకరికి అప్పగించి వెళ్లండి.