పాత పీసీలో 4కె వీడియో ఆగి ఆగి ఆడుతోందా? కొత్తది కొనేముందు ఇది చదవండి

మా ఇంట్లో టీవీ కింద ఒక పాత డెస్క్‌టాప్ ఉంటుంది. 4వ తరం ఇంటెల్ ఐ5, 8 జీబీ ర్యామ్. 1080పీ సినిమాలన్నీ ఏళ్ల తరబడి దాంట్లోనే చూశాం. మొన్న చెల్లి పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో వచ్చింది. చుట్టాలందరూ హాల్లో కూర్చున్నాక వేస్తే, సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర బొమ్మ ఆగిపోయింది, సన్నాయి మాత్రం వినిపిస్తోంది!

షాపులో అడిగితే "ర్యామ్ సరిపోదు సార్, పీసీ మార్చేయండి" అన్నారు. సుమారు 40 వేల మాట. కానీ ఇక్కడ ర్యామ్‌కి సంబంధమే లేదు.

ముందు ఫైల్ ఏ కోడెక్‌లో ఉందో చూడండి. వీఎల్‌సీలో వీడియో ఆడుతుండగా కంట్రోల్, జె కలిపి నొక్కితే వివరాలు వస్తాయి. మాది హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265. అదే క్వాలిటీకి ఇది హెచ్.264 కంటే తక్కువ చోటు తీసుకుంటుంది, కానీ విప్పడానికి లెక్కలు చాలా ఎక్కువ. ఆ పని చేసే ప్రత్యేక సర్క్యూట్ చిప్‌లో ఉంటే సుఖం, లేకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఇంటెల్ కోర్ చిప్‌లలో 8 బిట్ హెచ్‌ఈవీసీకి పూర్తి సపోర్ట్ 6వ తరంతో వచ్చింది, 10 బిట్‌కి 7వ తరంతో. మాది 4వది. ఇంకేం కావాలి!

అనుమానం తీరాలంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో జీపీయూ తెరవండి. వీడియో డీకోడ్ గ్రాఫ్ సున్నా దగ్గరే ఉండి, సీపీయూ 100 శాతం చూపిస్తుంటే జబ్బు తెలిసిపోయినట్టే.

దీనికి పీసీ మొత్తం మార్చక్కర్లేదు. చిన్న గ్రాఫిక్స్ కార్డు చాలు. అయితే ఇక్కడే చాలామంది మోసపోతారు: జీటీ 710 చవగ్గా దొరుకుతుంది, కానీ దానికి హెచ్‌ఈవీసీ డీకోడింగ్ లేదు. జీటీ 1030కి ఉంది, 10 బిట్‌తో సహా, విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. ఏవీ1 మాత్రం రాదు, అది కావాలంటే ఇంకా కొత్త కార్డు చూసుకోవాలి. నేను సెకండ్ హ్యాండ్‌లో 1030 తీసుకున్నా. అన్నట్టు, కార్డు పెట్టాక హెచ్‌డీఎంఐ కేబుల్‌ని మదర్‌బోర్డుకి కాకుండా కార్డుకే పెట్టాలి. నవ్వకండి, నేనే ఒక అరగంట పోగొట్టుకున్నా.

ఇక ప్లేయర్. టీవీకి నా ఓటు కోడికే. సెట్టింగ్స్, ప్లేయర్, వీడియోస్‌లోకి వెళ్లి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అక్కడే రిఫ్రెష్ రేట్‌ని వీడియోకి తగ్గట్టు మార్చే ఆప్షన్ ఉంటుంది, దాన్ని స్టార్ట్/స్టాప్ మీద పెట్టండి. కనిపించకపోతే కింద ఉన్న లెవెల్‌ని ఎక్స్‌పర్ట్ చేయండి. ఇదెందుకంటే, సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ 60 సార్లు రిఫ్రెష్ అవుతుంది. 60ని 24 సమంగా భాగించదు కాబట్టి ఒక ఫ్రేము మూడు సార్లు, తర్వాతది రెండు సార్లు కనిపిస్తుంది. కెమెరా మెల్లగా పక్కకి జరిగే షాట్‌లో ఆ కుదుపు తెలుస్తుంది. మా పెళ్లి వీడియో 25 ఫ్రేములది, దానికి టీవీ 50 హెర్ట్జ్‌కి మారితే సాఫీగా పోతుంది.

సౌండ్ విషయం: ఆప్టికల్ కేబుల్‌లో డాల్బీ డిజిటల్, మామూలు డీటీఎస్ వరకే వెళ్తాయి. ట్రూహెచ్‌డీ కావాలంటే రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ ఉండాల్సిందే.

రెండోసారి వేస్తే తలంబ్రాల దాకా ఎక్కడా ఆగలేదు. కానీ అమ్మ "నా చీర ఇలా వెలిసిపోయినట్టుందేంట్రా?" అంది. నిజమే, నలుపు బూడిదగా కనిపిస్తోంది. కార్డు 16 నుంచి 235 వరకే పంపుతోంది, టీవీ 0 నుంచి 255 అనుకుంటోంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ని ఫుల్ చేశాక చీర మళ్లీ ముదురు మెరూన్‌కి వచ్చింది. మీ దగ్గర ఉల్టాగా, చీకటి సీన్లలో ఏమీ కనిపించకుండా మొత్తం నల్లగా ఉంటే, దాన్నే లిమిటెడ్ చేసి చూడండి.