మోకాళ్ల మీద మొదలుపెట్టండి

క్రికెట్లో క్యాచ్ వదిలేసినవాణ్ణి ఆ సాయంత్రం తిట్టుకుంటాం. స్కోరుకార్డులో మాత్రం అతని పేరు పక్కన ఏమీ పడదు. బేస్‌బాల్‌కు అంత దయ లేదు. స్టేడియం బోర్డు మీద పరుగులు, హిట్ల పక్కనే తప్పులకూ ఒక గడి ఉంటుంది. మామూలుగా ఆడితే అందాల్సిన బంతే అని అధికారిక స్కోరర్ తేల్చాడా, ఆటగాడి ఖాతాలో ఒకటి చేరుతుంది. ఏడాది పొడుగునా కూడుతూ పోతారు.

2015లో ఆ కూడిక మార్కస్ సెమియన్ దగ్గర 35కి చేరింది. ఓక్లాండ్ అథ్లెటిక్స్ షార్ట్‌స్టాప్ అతను. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ కాచుకుని, నేల మీద దూసుకొచ్చే బంతిని పట్టి ఫస్ట్ బేస్‌కు విసరడం అతని పని. ఆ ఏడాది మేజర్ లీగ్‌లో ఇంకెవరూ అన్ని తప్పులు చెయ్యలేదు. జట్టు 94 మ్యాచ్‌లు ఓడింది. అభిమానులకు ఒళ్లు మండింది, అక్కణ్ణుంచి తీసి ఇంకెక్కడైనా ఆడించండన్నారు. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడికి కోపం రాదా? నేనూ టీవీ ముందు అరిచే రకమే. కానీ ఒక్కటి అడుగుతాను. "బంతి సరిగ్గా పట్టు" అన్న అరుపు విన్నవాడు మర్నాడు పొద్దున లేచి ఏం చెయ్యాలి? "శ్రద్ధగా చదువు" అని మీ అబ్బాయిని రోజూ వాయించేస్తున్నారే, వాడేం చెయ్యాలి?

ఆ మే నెలలో రాన్ వాషింగ్టన్ ఓక్లాండ్‌కు తిరిగొచ్చాడు. బేస్‌ల దగ్గర కాచే ఇన్‌ఫీల్డర్లను తీర్చిదిద్దడంలో పేరున్న కోచ్. మునుపు ఇక్కడే ఆయన దగ్గర నేర్చుకున్న ఎరిక్ చావెజ్, ఉత్తమ ఫీల్డర్‌గా తనకొచ్చిన 2004 గోల్డ్ గ్లవ్ అవార్డును తీసుకెళ్లి ఆయన చేతిలోనే పెట్టాడు. ఆయన పద్ధతిలో ఉపన్యాసాలు తక్కువ. ఆటగాణ్ణి మోకాళ్ల మీద కూర్చోబెడతాడు. చేతికి దాదాపు బల్లపరుపుగా ఉండే చిన్న గ్లవ్. దగ్గర్నుంచి, నేల తగిలి లేచే బంతులు. కాళ్లకు పని లేదు, విసరక్కర్లేదు. చేతులు మెత్తగా ముందుకెళ్లి బంతిని అందుకోవాలి, అంతే. అది కుదిరాకే లేచి నిలబడటం, ఆ తర్వాతే అడుగులు. రోజూ, మ్యాచ్‌కు ముందు.

2016లో సెమియన్ తప్పులు 21. అదీ ఎక్కువే, మాయాజాలమేమీ జరగలేదు. 2021లో టొరంటో తరఫున సెకండ్ బేస్‌లో ఆడి గోల్డ్ గ్లవ్ గెలిచాడు.

ఈ పద్ధతికి నేను దాసుణ్ణి. ఎందుకంటే నాకు మైకు ముందు నోరు పెగలదు. మీటింగులో నా వంతు దగ్గరపడుతుంటే ముందువాళ్ల మాటలు చెవికెక్కవు. ధైర్యంగా మాట్లాడమని చెప్పనివాళ్లు లేరు. ఆ ధైర్యం ఏ కొట్లో దొరుకుతుందో ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు పొద్దున్నే, కాఫీకి ముందు, ఒక్క వాక్యం పైకి అంటాను. ప్రసంగం మొత్తం కాదు, ఆ రోజు నేను అనబోయే మొదటి వాక్యం. ముందు కూర్చుని, నెమ్మదిగా, గోడకు. నోటికి అలవాటయ్యాక నిలబడి. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు అటూ ఇటూ తిరుగుతుండగా. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ. ముక్క ఎంత చిన్నదిగా ఉండాలంటే, దాన్ని సాధన అని చెప్పుకోవడానికి సిగ్గేయాలి. మానడానికి వంక దొరక్కూడదు. మొదటి వాక్యం గట్టెక్కితే రెండోది చాలాసార్లు దాని వెనకే వస్తుంది. రాని రోజులూ ఉన్నాయి. మొన్ననే నాలుక అంగిటికి అంటుకుపోయింది. మర్నాడు పొద్దున మళ్లీ గోడ ముందే ఉన్నాను.

సియాన్ బైలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తా, ఆమెతో పనిచేసిన ఇంకొందరూ గోల్ఫ్ ఆటగాళ్లను పరిశీలించి చెప్పింది స్థూలంగా ఇది: చేయి తిరిగినవాడు తన ప్రతి కదలికనూ గమనించుకోవడం మొదలుపెడితే వచ్చిన పనే చెడుతుంది. అందుకే చేతుల గురించిన ఆలోచనంతా సాధనలోనే అయిపోవాలి. మ్యాచ్‌లో బంతిని చూస్తే చాలు.

చేయి తిరిగినవాడికీ చెడుతుందా అంటారేమో, స్టీవ్ సాక్స్ ఉన్నాడుగా. 1982లో నేషనల్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు. మరుసటి ఏడాది డాడ్జర్స్ జట్టు తరఫున సెకండ్ బేస్‌లో 30 తప్పులు. చిన్నపిల్లలు కూడా విసరగల త్రోలు ఎటో పోయేవి. ఫస్ట్ బేస్ వెనక కూర్చునేవాళ్లు హెల్మెట్లు పెట్టుకొచ్చి వెక్కిరించారు. తండ్రి మాత్రం, నాకూ బడిలో ఆడే రోజుల్లో ఇదే వచ్చింది, ఒకరోజు దానంతటదే పోతుంది అన్నాడట. కొన్నాళ్లకే ఆయన కన్నుమూశాడు. కొడుకు త్రోలు చక్కబడ్డాయి. మీ నాన్నకు అలాంటిదేమీ ఎప్పుడూ రాలేదని తల్లి తర్వాత చెప్పిందంటాడు సాక్స్. పిల్లలతో అబద్ధాలాడమని నేననను గానీ, హెల్మెట్లవాళ్ల కంటే ఆ తండ్రికే పని తెలుసు.

మిగతావి మీకు తెలిసినవే. నిద్ర, పోలికలు మానడం, ఓడిన రాత్రి ఫోన్ పక్కన పెట్టడం, మొహమాటం లేకుండా చెప్పే మనిషిని ఒకరిని దగ్గరుంచుకోవడం. చేస్తే మంచిదే. నా పట్టు మాత్రం ఒక్కదాని మీదే. మీ లోపంలో రేపు పట్టుకోబోయే ముక్క ఏదో ఈ రాత్రికే కాగితం మీద రాయండి. "ఆత్మవిశ్వాసం పెంచుకోవాలి" అని రాసేరు! చింపేసి మళ్లీ రాయండి. "కోపం తగ్గించుకోవాలి" కూడా ఒప్పుకోను. "ఆఫీసు ఫోన్ పెట్టేశాక గ్లాసుడు నీళ్లు తాగేదాకా పిల్లలతో మాట్లాడను" అన్నంత చిన్నగా ఉండాలి.